బాగుందన్నవాళ్లంతా కొంటారా?

మా వృత్తిలో ఒక నియమం ఉంది. సబ్బు గురించో సెల్‌ఫోన్ గురించో సర్వే చేయడానికి ఎవరి తలుపైనా తట్టినప్పుడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న: ‘మీ ఇంట్లో ఎవరైనా మార్కెట్ రీసెర్చ్‌లో గానీ, అడ్వర్టైజింగ్‌లో గానీ, పత్రికల్లో గానీ పనిచేస్తున్నారా?’ అవునంటే అక్కడితో దండం పెట్టి వచ్చేయాలి. ఫారం మీద ‘టర్మినేట్’ అని రాయాలి. అలాంటి ఇంటివాళ్లకు లోగుట్టు తెలుసు కాబట్టి జవాబులు సహజంగా ఉండవని లెక్క. ఆ లెక్కన మా ఇల్లు ఏ సర్వేకీ పనికిరాదు. ఆ మధ్య ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి ఇదే ప్రశ్న అడిగితే మా ఆవిడ కాస్త ఆలోచించి, ‘‘ఆయన రోజూ ఆఫీసుకైతే వెళ్తారమ్మా. పనిచేస్తారో లేదో నేను చెప్పలేను’’ అంది. ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియక ఆ పిల్ల చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

నేను మార్కెట్ రీసెర్చ్ మనిషిని. జుట్టు తనంతట తాను నల్లగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టి, రంగు వేస్తే తప్ప నల్లబడని దశ దాకా ‘మీకిది నచ్చిందా, పదికి ఎన్ని మార్కులు వేస్తారు’ అని జనాన్ని అడిగిస్తూనే బతికాను. పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు నా ఎదురుగా కూర్చుని ‘ఏ రకం రీసెర్చ్ చేయిస్తే మంచిదంటారు?’ అని అడిగితే, కళ్లజోడు తుడుచుకుంటూ ‘అది మీ సమస్యను బట్టి ఉంటుంది’ అనేవాణ్ని. ఆ ఒక్క వాక్యానికే ఫీజు. ఇంట్లో నా అభిప్రాయానికి ఫీజు మాట దేవుడెరుగు, వినే చెవి కూడా దొరకదు. అందుకే మా అత్తయ్యగారి కందిపొడి వ్యవహారం చేతికి చిక్కినప్పుడు వదలబుద్ధి కాలేదు.

సంగతేమిటంటే, అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో కొన్నాళ్లున్నారు. ఆవిడ కందిపప్పు దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి పొడి కొడితే, ఆ ఘుమఘుమ లిఫ్టెక్కి ఏ అంతస్తు కావాలంటే ఆ అంతస్తులో దిగేది. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే గిన్నెలతో రావడం మొదలైంది. ‘‘ఊరికే ఎంతమందికని పెడతాం? ప్యాకెట్లు కట్టి అమ్ముదాం’’ అంది మా ఆవిడ. అత్తయ్యగారు సరేనన్నారు. మా అమ్మాయి స్టిక్కర్ గీయడానికి కూర్చుంది. నేనొక్కణ్నే అడ్డుపడ్డాను: ‘‘రీసెర్చ్ లేకుండానే?’’

మా ఆవిడకు తెలియాల్సినవి మూడే. అసలు డబ్బిచ్చి కొంటారా? ఏయే పొళ్లు చేయాలి? ఎంతకు అమ్మాలి? చూడటానికి ఒకే తీరుగా ఉన్నా ఈ మూడింటి దారులూ వేరు. జనం మనసులో ఏముందో మనకు అంతుపట్టనప్పుడు చేసేది అన్వేషణ. నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడించడం. ఏముందో తెలిశాక ‘ఎంతమందికి, ఎంత?’ అని తేల్చేది సర్వే. ‘ఇది మారిస్తే అది మారుతుందా?’ అన్నదానికి కావాల్సింది ప్రయోగం. ఒకచోట మార్చి, మరోచోట మార్చకుండా ఉంచి చూడటం. పుస్తకాల్లో వీటిని ఎక్స్‌ప్లోరేటరీ, డిస్క్రిప్టివ్, కాజల్ అంటారు. ఏ ప్రశ్నకు ఏది అని తేల్చడమే మా వృత్తిలో సగం పని. నిద్రలో లేపి అడిగినా ఇదంతా అప్పజెబుతాను. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం నా ఎంపిక వేరు: ఏది చేస్తే సోఫాలోంచి తక్కువసార్లు లేవాలో అది ముందు.

అలా అసలు లేవకుండానే చేయగలిగింది సెకండరీ రీసెర్చ్. ఇతరులు ఎప్పుడో చేసిపెట్టిన సర్వేలు చదవడం. డబ్బు ఖర్చు లేదు, తొందరగా అవుతుంది, పైగా చదువుకుంటున్న మనిషిని ఎవరూ కూరగాయలకు పంపరు. కేంద్ర ప్రభుత్వం 2022-23లో చేసిన కుటుంబ వినియోగ వ్యయ సర్వే ముందేసుకున్నాను. పట్నంలో మనిషికి నెలకు సగటు ఖర్చు 6,459 రూపాయలు, పల్లెలో 3,773. పట్నం ఖర్చులో తిండి వాటా 39 శాతం. ఆ తిండిలో పాలకన్నా కూరగాయలకన్నా కూడా పానీయాలు, చిరుతిళ్లు, తయారుచేసి అమ్మే పదార్థాలదే పెద్ద పద్దు. మొత్తం ఖర్చులో పదోవంతు దాటింది. ‘‘మార్కెట్ మన కోసం కాచుకుని కూర్చుంది’’ అని స్లైడ్లు వేసి చూపించాను. మా ఆవిడ రంగురంగుల బొమ్మలన్నీ ఓపికగా చూసి, ‘‘ఇందులో మన బి బ్లాక్ ఎక్కడుంది?’’ అని అడిగింది. లేదు. సెకండరీ రీసెర్చ్‌తో వచ్చిన చిక్కే అది. ఎవరో, ఇంకెవరినో, మరెందుకో అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులవి. ఊరు చూపిస్తాయి గానీ గుమ్మం చూపించవు.

గుమ్మాలే కావాలంటే అవే తెస్తానని ఇళ్లను తరగతులుగా విడగొట్టే పని పెట్టుకున్నాను. మన రీసెర్చ్ సంస్థలు 2011లో తెచ్చుకున్న పద్ధతి ఒకటుంది, ఎన్‌సీసీఎస్ అని. ఇంటి ఖర్చు ఎక్కువగా మోసే మనిషి ఎంత చదివారు, ఒక జాబితాలోని పదకొండింటిలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయి. ఈ రెండిటితో ఆ ఇల్లు ఏ తరగతో తేలుతుంది. కరెంటు, ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ, కారు వగైరాలతోపాటు సొంత పొలం కూడా ఆ పదకొండులో ఒకటి. సాయంత్రం వాకింగ్ నెపంతో ఎవరి బాల్కనీలో ఏసీ ఉందో, ఎవరి కారు ఏ గడిలో ఆగిందో రాసుకుంటూ తిరిగాను. వాచ్‌మన్ నా వెనకే నడవడం మొదలుపెట్టాడు. చివరికి పై తరగతి అని తేలిన ఇళ్ల పేర్లు తెస్తే అత్తయ్యగారు సగం కొట్టేశారు. ‘‘వీళ్లకు ఊళ్లో పొలం ఉంది అల్లుడుగారూ. బియ్యం బస్తాతోపాటు పొళ్లూ పచ్చళ్లూ అక్కణ్నుంచే దిగుతాయి. మన దగ్గర కొనే ఖర్మేముంది వాళ్లకు?’’ పొలం ఉంటే తరగతి పెరుగుతుంది, పొడి అమ్మకం తరుగుతుంది. ఈ సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనబడలేదు కాబట్టి ఇకమీదట నాదిగా చెప్పుకుంటాను.

తర్వాత ఫోకస్ గ్రూప్. 1940ల్లో అమెరికాలో రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త రేడియో శ్రోతలను కూర్చోబెట్టి చేసిన ఇంటర్వ్యూలు దీనికి పునాది. ఓ ఎనిమిది మందిని పోగేసి ఒకే విషయం మీద గంటా గంటన్నర మాట్లాడించాలి. మోడరేటర్ నోరు తక్కువ, చెవులు ఎక్కువ వాడాలి. మా హాల్లోనే పెట్టాను. అత్తయ్యగారు ఉల్లి పకోడీలు వేశారు. రెండో వాయి వచ్చేసరికి కందిపొడి అందరి మనసుల్లోంచీ దిగిపోయింది. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు నీళ్ల ట్యాంకర్ల లెక్క ఎత్తుకున్నారు. అప్పటిదాకా తలో మాటా అన్నవాళ్లు ఆ తర్వాత ఆయన తలూపినప్పుడల్లా తలూపారు. పొడి ఎలా ఉందంటే ‘‘అద్భుతం’’ అన్నారు, ముక్తకంఠంతో. నోట్లో అత్తయ్యగారి పకోడీ, ఎదురుగా అత్తయ్యగారు. ఇంకోమాట ఎవరంటారు? మిగిలిన సమయంలో, తక్కువ మాట్లాడాల్సిన నేను ఫోకస్ గ్రూపుల చరిత్ర చెప్పాను.

అంత గోలలోనూ ఒక మాట పడింది. సి బ్లాక్‌లో కొత్తగా దిగినావిడ మెల్లగా, ‘‘వెల్లుల్లి లేకుండా కూడా చేస్తారా అండీ? మా ఇంట్లో తినం’’ అంది. నేను రాసుకొచ్చిన ప్రశ్నల కాగితంలో వెల్లుల్లి లేదు కాబట్టి పట్టించుకోలేదు. మా ఆవిడ క్యాలెండర్ మీద రాసుకుంది. ఫోకస్ గ్రూప్ పెట్టేదే ఇందుకు. మనకు తోచని ప్రశ్న దానంతటది బయటపడాలి. ఎంతమంది కొంటారో అక్కడ తేలదు. దాంట్లోంచి ఆలోచనలు వస్తాయి గానీ రుజువులు రావని మెర్టనే తర్వాతి రోజుల్లో చెప్పాడు. క్లయింట్లకు ఆ మాట నేను ప్రత్యేకంగా స్లైడు వేసి మరీ చెబుతుంటాను.

రుజువు కోసం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టాను: ‘ఇంట్లో చేసిన అచ్చమైన కందిపొడి దొరికితే కొంటారా?’ చూస్తుండగానే అవును, అవును, అవును. ‘లేదు’ ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? ఎవరు ఏది నొక్కారో అందరికీ కనబడుతుంది. తెల్లారితే లిఫ్టులో మొహాలు చూసుకోవాలి. అవునన్నవాళ్లలో ఒకాయన ఎప్పుడో ఫ్లాటు ఖాళీ చేసి బెంగళూరు వెళ్లిపోయారు. గ్రూపులోంచి బయటికెళ్తే ఏమనుకుంటామోనని ఉండిపోయారు. నేను ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి స్పందన చూపిస్తుంటే మా అమ్మాయి, ‘‘నాన్నా, ఏమీ నొక్కనివాళ్లు ఎంతమంది?’’ అంది. లెక్కపెడితే నొక్కినవాళ్లకన్నా వాళ్లే చాలా ఎక్కువ.

నొక్కనివాళ్లను మర్చిపోతే ఏమవుతుందో 1936లోనే తేలింది. ఆ ఏడు అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక, టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ పేర్లు తీసి కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని పత్రిక అచ్చేసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోనూ కారూ ఉన్నవాళ్లు వేరు, ఓటున్నవాళ్లు వేరు; జవాబు రాసే ఓపిక ఉన్నవాళ్లు మళ్లీ వేరు. ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో జార్జ్ గాలప్ విజేత ఎవరో ముందే చెప్పాడు. ఆ పత్రిక 1938లో మూతపడింది.

కనుక శాస్త్రోక్తంగా వెళ్దామని ఈసారి కుడిచేతి నియమం పట్టాను. ఒకచోట మొదలుపెట్టి, ఎప్పుడూ కుడివైపే తిరుగుతూ, లెక్క ప్రకారం కొన్ని ఇళ్లు వదిలి తర్వాతి తలుపు తట్టడం. ఆ ఇంట్లో ఎవరిని అడగాలో తేల్చడానికి లెస్లీ కిష్ అనే ఆయన 1949లో తయారుచేసిన పట్టిక ఉంది. ఇంట్లోవాళ్ల వయసులు వరసగా రాసుకుంటే అది ఒకరిని చూపిస్తుంది. వాళ్లనే అడగాలి, వాళ్ల బదులు ఇంకొకరు కూడదు. నాలుగో అంతస్తులో అది ఒక పెద్దాయనను చూపించింది. ఇంటికి సరుకులు తెప్పించే కోడలు ఎదురుగా నిలబడి ‘‘నన్ను అడగండి అంకుల్’’ అంటున్నా నేను నియమం తప్పలేదు. పెద్దాయన దివిసీమ మనిషి. 1977 ఉప్పెన దగ్గర మొదలుపెట్టారు. నేను బయటపడేసరికి చీకటి పడింది. కందిపొడి గురించి ఆయన చెప్పింది రెండే ముక్కలు: ‘‘డాక్టరు వద్దన్నాడు.’’ జనాభిప్రాయం తెలుసుకోవాలంటే ఆ పట్టిక మంచి సాధనమే. పొడి అమ్మాలంటే మాత్రం పొడి కొనే మనిషిని పట్టుకోవాలి.

మిగతా ఇళ్లలో సరుకులు కొనేవాళ్లనే పట్టుకుని ‘‘వారానికి ఎంత పొడి వాడతారు?’’ అని అడిగాను. వచ్చిన జవాబులు కూడి నెలకు లెక్కగడితే, మా అపార్ట్‌మెంట్ జనం అన్నంకన్నా పొడే ఎక్కువ తింటున్నట్టు తేలింది. ‘‘నెలకు ఎంత?’’ అని మార్చి అడిగితే సగానికి పడిపోయింది. ఇది నా ఒక్కడి ఖర్మ కాదు. జాతీయ శాంపిల్ సర్వేకూ ఇదే చిక్కొచ్చింది. తిండి ఖర్చు గత ఏడు రోజులకు అడిగితే ఎక్కువగా వస్తుంది, ముప్పై రోజులకు అడిగితే తక్కువగా వస్తుంది. 1999-2000లో జరిగిన 55వ రౌండులో రెండూ పక్కపక్క గడుల్లో అడిగారు. ఒక జవాబు ఇంకోదాన్ని తనవైపు లాగిందని, ఆ లెక్కల ప్రకారం పేదరికం తగ్గిందనడం ఎంతవరకు నిజమని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అడిగే తీరును బట్టి దేశంలో పేదల లెక్కే మారినప్పుడు కందిపొడి ఎంత?

ధర తేల్చడానికి నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ 1976లో నాలుగు ప్రశ్నలిచ్చాడు. ఎంతయితే మరీ ఎక్కువ, కొనరు? ఎంతయితే ఎక్కువే అయినా ఆలోచిస్తారు? ఎంతయితే చౌకగా దొరికిందనుకుంటారు? ఎంతకిస్తే మరీ చౌకై, సరుకు మీదే అనుమానం వస్తుంది? జవాబులతో నాలుగు గీతలు గీస్తే, అవి ఒకదాన్నొకటి ఖండించుకునే చోట్ల మధ్య ధర దొరుకుతుంది. వీటిని రెండో అంతస్తు పిన్నిగారిని అడిగితే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేశారు. ‘‘మీ అత్తగారు నన్ను సొంత చెల్లెలన్నారే! చెల్లెలి దగ్గర డబ్బులు తీసుకుంటారా?’’ నా నాలుగు గీతలూ సున్నా దగ్గరే కలుసుకున్నాయి.

మొహం మీద అడిగితే మొహమాటమే జవాబుగా వస్తుందని మావాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. ఇన్‌స్టంట్ కాఫీ ఎందుకు వాడరని అమెరికా గృహిణులను అడిగితే రుచి బాగోదనేవారు. మేసన్ హేర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అది నమ్మలేదు. సరుకుల చిట్టాలు రెండు రాశాడు. అన్నీ ఒకటే సరుకులు. కాఫీ దగ్గర మాత్రం ఒకదాంట్లో నెస్కఫే ఇన్‌స్టంట్, రెండోదాంట్లో మామూలుగా కాచుకునే మ్యాక్స్‌వెల్ హౌస్. ఒక్కొక్కరికి ఒక్కో చిట్టా ఇచ్చి ‘ఇది రాసినావిడ ఎలాంటి మనిషో చెప్పండి’ అన్నాడు. ఇన్‌స్టంట్ చిట్టా చూసినవాళ్లలో దాదాపు సగం మంది ఆమెను బద్ధకస్తురాలు అన్నారు. రెండో చిట్టా చూసి ఆ మాటన్నవాళ్లు ఏ ఒకరిద్దరో. హేర్ 1950లో ఇది ప్రచురించాక ప్రొజెక్టివ్ పద్ధతులకు గిరాకీ పెరిగింది. మా అత్తయ్యగారికి ఈ కథ చెబితే ఆశ్చర్యపోలేదు. డికాక్షన్ దిగని ఇంట్లో ఆవిడ మంచినీళ్లు తాగడానికి కూడా ఆలోచిస్తారు.

నేనూ రెండు చిట్టాలు రాశాను. ఒకదాంట్లో కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర. రెండోదాంట్లో వాటి బదులు ‘కందిపొడి ప్యాకెట్టు’. బంధువుల ఆడవాళ్లకు పంపాను. ప్యాకెట్టు చిట్టా చూసి మా పెద్దత్తయ్య, ‘‘పాపం, ఆ పిల్లకు చెప్పేవాళ్లు లేరేమో’’ అంది. మా మేనకోడలు, ‘‘ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తుందేమో మామయ్యా’’ అంది. నిజం చెప్పాలంటే నా పరిశోధనలన్నిటిలోకీ పనికొచ్చింది ఇదే. మా అమ్మాయి స్టిక్కరు మీద ‘రెడీమేడ్’ కొట్టేసి ‘తెనాలి అమ్మమ్మ కందిపొడి’ అని రాసింది. కొనుక్కున్నామన్న నామోషీ పోయి, తెప్పించుకున్నామన్న దర్జా వచ్చింది. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? నా చేతిరాతతో ఉన్న పాత సరుకుల చిట్టా ఒకటి మా ఆవిడకిచ్చి, ‘‘ఇది రాసిన మగమనిషి ఎలాంటివాడో చెప్పు’’ అన్నాను. ‘‘తను బజారుకెళ్లే రకం కాదు. వెళ్లేవాడికి చిట్టా ఎందుకు, ఇంకొకరికి రాసిచ్చి పంపాడు’’ అంది. ప్రొజెక్టివ్ పద్ధతులు కాపురంలో వాడకూడదు.

రుచి పరీక్ష ఆఫీసులో పెట్టాను, ఎందుకంటే ఆఫీసుకు ఎలాగూ వెళ్తాను. దీన్ని సౌకర్యపు శాంపిల్ అంటారు, సౌకర్యం పరిశోధకుడిది. ఇలాంటి సౌకర్యం ఒక రేజర్ కంపెనీకి ఏం చేసిందో నేనే పాఠంగా చెబుతుంటాను. జిల్లెట్ వాళ్లు భారతదేశం కోసం తయారుచేసిన రేజర్‌ను ముందు అమెరికాలోని ఎంఐటీలో చదువుతున్న మన విద్యార్థుల మీద పరీక్షించారు. కుర్రాళ్లు బ్రహ్మాండం అన్నారు. తీరా ఇక్కడ అమ్మితే, చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుని గీసుకునే మన మగాళ్ల చేతిలో వెంట్రుకలు ఇరుక్కుని అది మొరాయించింది. అక్కడి కుర్రాళ్లకు కుళాయి కింద ధారగా నీళ్లున్నాయి మరి. ఆ తర్వాత కంపెనీ మనుషులు మన ఇళ్లలో కూర్చుని గడ్డం గీసుకోవడం చూశారు. 2010లో జిల్లెట్ గార్డ్ అలా వచ్చింది. ఇంత తెలిసిన నేను మా ఆఫీసు క్యాంటీన్‌లో, నెయ్యి లేకుండా, చల్లారిన అన్నంలో, ప్లాస్టిక్ చెంచాతో అత్తయ్యగారి కందిపొడి తినిపించి ‘కారం కాస్త ఎక్కువ’ అన్న తీర్పు పట్టుకొచ్చాను. అత్తయ్యగారు రెండు రోజులు నాకు పెరుగన్నమే వడ్డించారు.

రుచి దగ్గర ఇంకో మెలిక ఉంది. 1985లో కోకా కోలా పాత పానీయం తీసేసి కొత్తది తెచ్చే ముందు దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించింది. ఎక్కువమందికి కొత్తదే నచ్చింది. ఏప్రిల్‌లో విడుదల చేస్తే జనం తిరగబడ్డారు. జూలైలో పాతదాన్ని మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. గుక్క తాగి చెప్పే తీర్పు ఒకటి, రోజూ తాగే అలవాటు ఒకటి. పైగా ‘పాతది ఇక దొరకదు’ అన్నదే ఆ పరీక్షలో లేని ప్రశ్న. అందుకే తిండి సరుకైతే ఇంటికిచ్చి కొన్నాళ్లు వాడమనడం మేలు.

ఇక్కడ నా రుచి జ్ఞానం గురించి చెప్పి తీరాలి. పెళ్లయిన నాటి నుంచీ మా ఇంట్లో ఏ కందిపొడి కలుపుకున్నా నేను ఒకే మాట అంటాను: ‘‘బాగుంది గానీ, మా అమ్మ చేసినట్టు లేదు.’’ మా అమ్మాయి ఇది భరించలేక నా మీదే ట్రయాంగిల్ టెస్ట్ పెట్టింది. మూడు గిన్నెలు, రెండిట్లో ఒకటే పొడి, ఇంకోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. ఏమీ తెలియకుండా గుడ్డిగా చూపించినా మూడింట ఒక వంతు అవకాశం ఉంటుంది. నేను కళ్లు మూసుకుని, ముద్ద ముద్దకూ మంచినీళ్లు తాగి, తీర్పిచ్చాను. ‘‘మొదటిది మీ అమ్మమ్మది, ఫరవాలేదు. రెండోది ఏ కొట్లోనో కొన్నది, పప్పు మాడింది. ఇదిగో ఈ మూడోది... ఇదీ మా అమ్మ చేయి!’’ అమ్మాయి కాగితం చూసి చదివింది. ‘‘ఒకటీ మూడూ అమ్మమ్మవి. మాడిందన్నావే, అది నానమ్మ పంపింది.’’ శాంపిల్ ఒక్క మనిషేనని, గణాంకపరంగా ఇది చెల్లదని వాదించాను. ఎవరూ వినలేదు. సాయంత్రానికల్లా కబురు భీమవరం చేరింది. ‘‘ఇకనుంచి కొట్లోదే తిను నాయనా’’ అని మా అమ్మ ఫోను పెట్టేసింది.

నేనిలా పద్ధతులన్నీ తిరగేస్తుండగా మా ఆవిడ తన పని తాను చేసుకుపోతోంది. ఇంట్లోంచి అమ్మినా తిండి సరుకుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, అది తెచ్చుకుంది. తర్వాత కొన్ని ఇళ్లకు చిన్న స్టీలు డబ్బాల్లో పొడి పంపింది. ఎలా ఉందని ఎవరినీ అడగలేదు. డబ్బా ఎప్పుడు తిరిగొస్తుందో చూసింది. కొన్ని డబ్బాలు వారం తిరక్కుండానే వచ్చాయి, ‘ఇంకాస్త ఉందా’ అన్న మాటతో సహా. కొన్ని మనవాళ్ల మర్యాద ప్రకారం అరిసెలతోనో జామకాయలతోనో నిండి, చాలా ఆలస్యంగా వచ్చాయి. అరిసెలు పెట్టి పంపినవాళ్లు పొడికి గిరాకీ కాదని ఆవిడ తేల్చేసింది.

దీన్ని పరిశీలన అంటారని నేను ఆవిడకు వివరించాను. 1973లో అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాథ్జీ అనే పురావస్తు శాస్త్రవేత్త టూసన్ నగరంలో ఇళ్ల చెత్త వేరుచేసి లెక్కగట్టడం మొదలుపెట్టాడు. బీరు ఎంత తాగుతారంటే జనం చెప్పే లెక్క వేరు, వాళ్ల చెత్తలో దొరికిన డబ్బాల లెక్క వేరు. ఇది చెబుతుంటే మా పనమ్మాయి గిన్నెలు తోముతూ, ‘‘ఐదో అంతస్తు వాళ్లు మన పొడి సింకులో పోశారమ్మా’’ అంది. ఇతరుల ఇళ్ల గుట్టు వారి అనుమతి లేకుండా సేకరించడం మా వృత్తి ధర్మానికి విరుద్ధమని నేను గట్టిగా అభ్యంతరం చెప్పాను. చెప్పి, ‘‘ఐదో అంతస్తులో ఎవరు?’’ అని అడిగాను.

నన్ను పూర్తిగా పక్కన పెట్టలేదని చెప్పుకోవడానికి ధర ప్రయోగం నాకే వదిలారు. బి బ్లాక్‌లో వంద గ్రాములు అరవై రూపాయలు, సి బ్లాక్‌లో ఎనభై. ఎక్కడ ఎన్ని అమ్ముడవుతాయో చూస్తే ధర ప్రభావం తెలిసిపోతుంది. ప్రయోగానికి ఒకటే షరతు, రెండు గుంపులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఆ రెండు బ్లాకుల ఆడవాళ్లూ సాయంత్రాలు కలిసే వాకింగ్ చేస్తారన్నది నా డిజైన్‌లో లేదు. ఏడు గంటలకు వాట్సాప్ గ్రూపు అగ్నిగుండమైంది. మేం తక్కువవాళ్లమా అని ఒక బ్లాకు, మేం వెర్రివాళ్లమా అని ఇంకో బ్లాకు. అత్తయ్యగారు కిందికి దిగి, ఎనభై ఇచ్చినవాళ్లందరికీ ఇరవై తిరిగిచ్చి, ‘‘మా అల్లుడుగారు చదువుకున్నాయన, ఏమనుకోకండి’’ అని సర్దిచెప్పారు. గుంపుల మధ్య గోడ కట్టలేని చోట ప్రయోగం పెట్టకూడదు.

అరవై దగ్గర ధర నిలబడింది. మొదటి ఆదివారం పెట్టినవన్నీ అయిపోయాయి. నేను ఎగిరి గంతేశాను. మా ఆవిడ కదల్లేదు. ‘‘ఇవాళ కొన్నది మొహమాటం. వచ్చే వారం చూద్దాం’’ అంది. రెండో వారం బాగా తగ్గాయి. ఆ తర్వాత కొన్ని ఇళ్లు మాత్రం ఏ వారమూ తప్పలేదు. ఎంత వేయించాలో, ఎన్ని ప్యాకెట్లు కట్టాలో ఆ ఇళ్లే చెప్పాయి. వెల్లుల్లి లేని రకం మొదట్లో నెమ్మదిగా నడిచి, కార్తీక మాసం వచ్చేసరికి అన్నిటికన్నా ముందు ఖాళీ అయింది. నా స్లైడ్లలో వెల్లుల్లి ప్రస్తావనే లేదు.

చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు నా దగ్గరికి సలహాకు వస్తుంటారు. ఇప్పటికీ కళ్లజోడు తుడుచుకునే చెబుతాను గానీ ఫీజు అడగడం మానేశాను. జనానికి ఏం కావాలో మీకే తెలియనప్పుడు మాట్లాడించండి. నలుగురు చాలు, పకోడీలు వద్దు. ఎంతమందో తేలాలంటే సర్వే చేయండి. జవాబివ్వనివాళ్లు ఎవరో కూడా చూడండి. మనిషి సిగ్గుపడే విషయమైనా, మీ మొహం చూసి మాట మార్చే విషయమైనా అడగడం మానేసి గమనించండి. మారిస్తే ఏమవుతుందో తెలియాలంటే చిన్నగా మార్చి చూడండి, రెండు బ్లాకులూ కలిసి వాకింగ్‌కు వెళ్లని చోట. వీటన్నిటికన్నా ముందు ఒక కాగితం మీద రాసుకోండి: జవాబు అవునైతే నేనేం చేస్తాను, కాదంటే ఏం చేస్తాను? రెండిట్లోనూ ఒకటే రాస్తే ఏ రీసెర్చూ అక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఎప్పుడైనా మా అపార్ట్‌మెంట్ వైపు వస్తే అత్తయ్యగారి కందిపొడి తీసుకోండి. బాగుందని నాకు చెప్పొద్దు, ఆ మాట ఇప్పటికే అందరూ అన్నారు. రెండోసారి కొనండి చాలు.